నెప్ట్యూన్‌కి ఫేస్ క్లీన్ – నా అనుభవం

నాది తెనాలిలో చిన్న డిజైనింగ్ షాపు. పెళ్లి ఆల్బమ్‌లు, ఓణీల ఫంక్షన్ బ్యానర్లు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు, ఇరవై ఏళ్లుగా ఇదే పని. అంతరిక్షం గురించి నాకు తెలిసింది పదో తరగతిలో చదివి మర్చిపోయినంతే. అలాంటివాణ్ణి ఏడాదికి పైగా రాత్రి పదకొండు దాటాక షట్టర్ సగం దించి, వాయేజర్ 2 అనే వ్యోమనౌక తీసిన గ్రహాల ఫోటోల మీద కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో, ఎక్కడెక్కడ తప్పులు చేశానో రాస్తాను, ఇంకెవరికైనా ఈ పిచ్చి పడితే కొంత టైమైనా మిగులుతుంది.

2022 డిసెంబరులో మా అమ్మాయి స్కూల్లో సైన్స్ ఫెయిర్ పెట్టారు. తనప్పుడు ఎనిమిదో తరగతి. సైన్సు మాస్టారు ఫోన్ చేసి సౌర కుటుంబం మీద ఆరు బై నాలుగు ఫ్లెక్సీ ఒకటి వేసివ్వమన్నారు, ఖర్చు స్కూలు ఇస్తుందన్నారు (ఇంకా ఇవ్వలేదు, అది వేరే సంగతి). నెట్‌లో గ్రహాల ఫోటోలు దించి, వరసగా పేర్చి, ఫ్లెక్సీ మీద కాస్త కంటికి కొట్టాలి కదా అని అన్నిటికీ సాచురేషన్, అంటే రంగుల గాఢత, పెంచాను. నెప్ట్యూన్ అసలే ముదురు నీలం, నా చేతిలో పడి ఇంకా ముదిరింది. బాగుందన్నారందరూ.

రోల్ చుట్టి ఇస్తుంటే అమ్మాయి అడిగింది, "నాన్నా, ఈ నెప్ట్యూన్ ఫోటో ఎవరు తీశారు?" అని. టెలిస్కోపుతో తీసుంటార్లే అన్నాను. మర్నాడు మాస్టారిని అడిగొచ్చి నన్ను సరిదిద్దింది. నెప్ట్యూన్ దగ్గరికి ఇప్పటిదాకా వెళ్లింది ఒకే ఒక్క వ్యోమనౌకట, దాని పేరు వాయేజర్ 2, 1989 ఆగస్టు 25న పక్కనుంచి వెళ్లిపోయిందట, ఆ తర్వాత ఎవరూ వెళ్లలేదట. 1989లో నేను నాలుగో తరగతి. అంటే నేను పలకాబలపం వదిలి నోటుపుస్తకాలకి వచ్చిన రోజుల్లో తీసిన ఫోటోని తీసుకుని, ఎవరు తీశారో కూడా తెలియకుండా దాని మీద సాచురేషన్ స్లయిడర్ లాగానన్నమాట.

ఫోటో పనిలో ఉన్నవాడికి మొదట వచ్చే ప్రశ్న ఒకటే, కెమెరా ఏంటి, లెన్స్ ఏంటి? ఆ రాత్రి వెతికాను. రెండు కెమెరాలు. వైడ్ అన్నదానికి 200 మిల్లీమీటర్ల లెన్స్, టెలీకి 1500. మా దగ్గర పెళ్లిళ్లకి 70-200 లెన్స్ మెడలో వేసుకుని వస్తే పెద్ద ఫోటోగ్రాఫర్ కింద లెక్క! కానీ ఫిల్మూ లేదు, ఇప్పటి డిజిటల్ సెన్సరూ లేదు. పాత టీవీ కెమెరాల్లో ఉండే విడికాన్ అనే గాజు గొట్టం. ఫోటో 800 పిక్సెళ్ల వెడల్పు, 800 ఎత్తు, అంతే. ఒక మెగాపిక్సెల్ కూడా కాదు. పైగా బ్లాక్ అండ్ వైట్. కలర్ కావాలంటే కెమెరా ముందు తిరిగే చక్రంలో వయొలెట్, బ్లూ, గ్రీన్, ఆరెంజ్ ఫిల్టర్లు ఒక్కోటి అడ్డం పెట్టి విడివిడిగా తీయాలి, తర్వాత ఇక్కడ భూమ్మీద ఒకదాని మీద ఒకటి వేసుకోవాలి. ఇది చదివి నాకు నవ్వొచ్చింది, మేం ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో రోజూ చేసేది అదేగా, ఒక్కో రంగుకి ఒక్కో ప్లేటు.

ఆ ఒరిజినల్ ఫోటోలన్నీ నాసా ఎవరికైనా ఊరికే దించుకోనిస్తుందని తెలిశాక ఇక ఆగలేకపోయాను.

దించుకోవడం తేలికే, తెరవడమే నరకం. గ్రహం వరసని బట్టి ఫోల్డర్ల నంబర్లు ఉంటాయి, గురుడివి 5తో మొదలవుతాయి, శని 6, యురేనస్ 7, నెప్ట్యూన్ 8. ఫైలు పేరు సీ అక్షరం, తర్వాత ఏడంకెలు. వరస నంబర్లు అనుకున్నాను కానీ చివరి రెండంకెలు ఎప్పుడూ 59 దాటవు. గడియారం లాగుందే అని తవ్వితే నిజంగా గడియారమే. నౌక లోపల ఒక లెక్క నడుస్తుంటుంది, 48 సెకన్లకి ఒకటి చొప్పున పెరిగి, 60 అవగానే పక్క అంకె మారుతుంది. 48 సెకన్లు ఎందుకంటే ఒక ఫోటోని గొట్టం మీంచి గీత గీతగా చదివి పంపడానికి పట్టే టైము అది. అంటే ఫైలు పేరు చూస్తే ఏ ఫోటో తర్వాత ఎంతసేపటికి ఏ ఫోటో తీసిందో చెప్పేయొచ్చు. మా షాపులో ఫైనల్, ఫైనల్ ఫైనల్, లాస్ట్ ఫైనల్ అని పేర్లు పెట్టుకునే మాకు ఇది చూస్తే సిగ్గేసింది.

ఫైళ్లు ఐఎంజీ అని ఉంటాయి, ఫొటోషాప్ తెరవదు. పక్కనే చూడ్డానికి జేపెగ్‌లు ఉంటాయి కానీ వాటితో రంగు పని చేయలేం. ఎక్స్‌టెన్షన్ రా అని మార్చి తెరిస్తే ఫొటోషాప్ ఎదురు ప్రశ్నలేస్తుంది, వెడల్పెంత, ఎత్తెంత, ఎన్ని బిట్లు, ముందు వదిలెయ్యాల్సిన బైట్లు ఎన్ని అని. అందాజుగా కొట్టాను. గురుడు ఏటవాలు చారలై వచ్చాడు, మంగలి షాపు బోర్డులాగా. ఇంకోసారి బైట్ ఆర్డర్ తప్పు పెడితే తెరంతా చీమలే. వారం పోయాక మా అక్క కొడుకు సంక్రాంతికొచ్చి, "మావయ్యా, పక్కనే లేబుల్ ఫైలుంది, నోట్‌ప్యాడ్‌లో తెరువు, అన్నీ అందులోనే రాసుంటాయి" అన్నాడు. నిజమే, అన్నీ ఉన్నాయి. ఏ ఫిల్టరు, ఎన్ని సెకన్ల ఎక్స్‌పోజరు, దేన్ని చూస్తోంది, అన్నీ. వాడే తర్వాత పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసిచ్చాడు, ఫోల్డర్ చూపిస్తే ఫొటోషాప్ తెరిచే టిఫ్ ఫైళ్లుగా మార్చేస్తుంది. వాడికి బిర్యానీ ఇప్పించాను.

మొదట వచ్చిన గురుడి ఫోటో నిండా నల్ల చుక్కలు. వరసగా, ఎడంగా, పుట్టుమచ్చల్లాగా. లెన్స్ మీద దుమ్మేమో, లేకపోతే పాతబడి మరకలు పడ్డాయేమో అనుకుని, నాకొచ్చిన విద్య అదే కదా, హీలింగ్ బ్రష్ తీసుకుని ఒక్కో చుక్కా తుడిచాను. పెళ్లికూతురికి మొటిమలు తీసినట్టు గురుడికి ఫేస్ క్లీన్. రెండొందల పైచిలుకు చుక్కలు, రెండు రాత్రులు పట్టింది. అప్పుడు చదివాను, అవి కావాలని పెట్టినవి! గొట్టంలో బొమ్మ కాస్త వంకర పోతుంది కాబట్టి, ఎంత వంకర పోయిందో కొలుచుకోవడానికి గాజు మీద కొలిచి చెక్కిన గుర్తులు. నేను తుడిచింది స్కేలు మీద గీతల్ని. పైగా ఆ చుక్కలు తీసేసి, వంకర సరిచేసి, వెలుతురు లెక్క కట్టిన ఫైళ్లు కూడా పక్కనే పెట్టి ఉంచారు. ఒక్కో ఫోటోకి నాలుగు రకాలు: వచ్చింది వచ్చినట్టు, శుభ్రం చేసింది, వెలుతురు సరిచేసింది, ఆకారం సరిచేసింది. చదువుకోకుండా పనిలో దిగితే ఇంతే.

గురుడి దగ్గర రెండు నెలలు ఉండిపోయాను, అంత బాగుంటాడు. ఆరెంజ్, గ్రీన్, బ్లూ మూడు ఫోటోలూ ఒకదాని మీద ఒకటి వేస్తే మాత్రం అంచుల్లో ఎరుపు, నీలం గీతలు. మా భాషలో రిజిస్ట్రేషన్ కలవలేదు. ప్రెస్‌లో అయితే ప్లేటు జరుపుతాం, ఇక్కడ ఎంత జరిపినా అంచులు కలిస్తే మధ్యలో మబ్బులు కలవవు, మబ్బులు కలిస్తే అంచులు పోతాయి. కారణం చాలా మామూలుది, గురుడు తన చుట్టూ తాను పది గంటల్లోపే తిరిగేస్తాడు. మూడు ఫోటోలు తీసే రెండు మూడు నిమిషాల్లో మబ్బులు పక్కకి జరిగిపోతాయి, నౌక కూడా ముందుకి వెళ్తూనే ఉంటుంది. ఫోటోకి కదలకుండా కూర్చోని పెళ్లికొడుకుల్ని చాలామందిని చూశాను గానీ ఇంత పెద్దవాణ్ణి చూడలేదు. వార్ప్ టూల్‌తో మెల్లగా లాగి లాగి కలిపాను.

ఇక్కడే నాకు బాగా నచ్చిన విషయం ఒకటి తెలిసింది. వాయేజర్ 2 కన్నా ముందు 1979 మార్చిలో వాయేజర్ 1 గురుడిని దాటింది. దాటాక, నౌక దారి సరిచూసుకోవడానికి వెనక్కి తిరిగి గురుడి చందమామ అయోని ఒక ఫోటో తీసింది. నక్షత్రం కనబడాలి కాబట్టి ఎక్స్‌పోజరు ఎక్కువ పెట్టారు, అయో తెల్లగా మాడిపోయింది. లిండా మొరాబిటో అనే ఇంజినీరు నక్షత్రం కోసం ఆ ఫోటోలో బ్రైట్‌నెస్ పెంచుతుంటే అయో అంచు మీద గొడుగులాంటిదేదో కనబడింది. ఏంటా అని చూస్తే అగ్నిపర్వతం పొగ. భూమి కాకుండా ఇంకో చోట పేలుతున్న అగ్నిపర్వతాన్ని మనుషులు చూడ్డం అదే మొదటిసారి. దాన్ని కనిపెట్టింది నేను రోజుకి వందసార్లు లాగే స్లయిడరుతో.

అసలు ఈ ప్రయాణం ఎలా కుదిరిందో కూడా చెప్పాలి. గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ నాలుగూ ఒక పక్కకి వచ్చి, ఒకదాని దగ్గర్నుంచి ఇంకోదానికి దారి కుదరడం దాదాపు 176 ఏళ్లకోసారి జరుగుతుంది. 1965లో గ్యారీ ఫ్లాండ్రో అనే కుర్రాడు లెక్కేసి 1970ల చివర్లో ఆ అవకాశం ఉందని చూశాడు. గ్రహం దగ్గరగా వెళ్తే దాని ఆకర్షణ నౌకని లాగి, వంచి, వేగం పెంచి అవతలికి విసురుతుంది. అలా విసిరించుకుంటూ పోతే నెప్ట్యూన్‌కి ముప్ఫై ఏళ్లు పట్టే దారి పన్నెండేళ్లకు వస్తుంది. వాయేజర్ 2ని 1977 ఆగస్టు 20న ఎగరేశారు. 1979 జులైలో గురుడు, 1981 ఆగస్టులో శని, 1986 జనవరిలో యురేనస్, 1989లో నెప్ట్యూన్. మొదట డబ్బు ఇచ్చింది శని దాకానే, తర్వాతవి నడుస్తోంది కదా అని ఒక్కోటీ పొడిగించుకుంటూ పోయినవి. వాయేజర్ 1 శని చందమామ టైటాన్‌ని దగ్గరగా చూడ్డానికి వెళ్లి ఆ దారి తప్పించుకుంది కాబట్టి చివరి రెండు గ్రహాలూ ఈ ఒక్కదాని వంతే.

శని ఫోల్డర్లలో ఒకచోట వరసగా నల్ల ఫోటోలు వచ్చాయి. నా ప్రోగ్రాం పాడైందనుకుని మా అక్క కొడుక్కి ఫోన్ కొట్టాను, వాడు చూసి ఫైలు బాగానే ఉంది, ఫోటోనే నల్లగా ఉందన్నాడు. శని దగ్గర నుంచి దాటగానే కెమెరాలున్న వేదిక బిగుసుకుపోయిందట. వేగంగా అటూ ఇటూ తిప్పి తిప్పి పళ్ల చక్రాల్లో గ్రీజు ఆరిపోయింది. కెమెరా ఖాళీ ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయింది. పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే టైముకి గింబల్ జామ్ అయితే వీడియో అతని మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు, వీళ్ల పరిస్థితి ఊహించుకోండి. తర్వాత మెల్లమెల్లగా కదిలించి బాగుచేశారు, అప్పట్నుంచి దాన్ని నిదానంగానే తిప్పారు.

నేను శని మీద ఉన్నప్పుడే, అంటే 2023 జులై 21న, పంపిన కమాండ్లలో పొరపాటు వల్ల వాయేజర్ 2 యాంటెన్నా భూమి నుంచి 2 డిగ్రీలు పక్కకు తిరిగి మాట పోయింది. వార్తల్లో చూసి ఇంట్లోవాళ్లకి ఏదో అయినట్టు టెన్షన్ పడ్డాను. మా ఆవిడ "నీ ఫోటోలేం పోవుగా" అంది. ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా దగ్గరున్న పెద్ద యాంటెన్నాతో గట్టిగా అరిచినట్టు కమాండ్ పంపారు. అది చేరడానికి పద్దెనిమిదిన్నర గంటలు, జవాబు రావడానికి మళ్లీ అంతే. ఆగస్టు 4న పలికింది. మా షాపులో ఎల్ఈడీ ట్యూబ్‌లైటు 20 వాట్లు, వాయేజర్ రేడియో పవరూ కాస్త అటూ ఇటూగా అంతే.

యురేనస్ నన్ను ఏడిపించింది. ఏమీ లేదు అక్కడ! లేత ఆకుపచ్చ నీలం బంతి, మచ్చ లేదు, చార లేదు. పక్కకి పడుకుని తిరిగే గ్రహం కాబట్టి వాయేజర్ వెళ్లినప్పుడు ధ్రువం సూర్యుడి వైపుంది, గ్రహం మొత్తం ఒకే ప్లేటులాగా కనబడుతుంది. ఎంత కాంట్రాస్ట్ లాగినా గొట్టం మచ్చలే బయటపడతాయి గాని గ్రహం మచ్చలు రావు. దాని చందమామ మిరాండా మాత్రం, 470 కిలోమీటర్ల బుల్లి గోళం, ఎవరో పగలగొట్టి తప్పుగా అతికించినట్టుంటుంది, దాని మీద నాలుగు రోజులు ఆనందంగా గడిపాను.

కానీ యురేనస్ ఫోటోలు మనదాకా రావడమే గొప్ప. గురుడి దగ్గర సెకనుకి లక్షా పదిహేను వేల బిట్లు పంపింది, ఇక్కడికొచ్చేసరికి దూరం పెరిగి ఎక్కువలో ఎక్కువ ముప్ఫై వేల లోపే. అందుకని ఎప్పుడో ఎగిరిపోయిన నౌకలోని ప్రోగ్రాముని ఇక్కడ్నుంచే మార్చి, పిక్సెల్ మొత్తం పంపకుండా పక్క పిక్సెల్‌కి ఎంత తేడానో అదే పంపేలా చేశారు. దాని మొత్తం మెమరీ డెబ్భై కిలోబైట్లు కూడా ఉండదు, మన వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ బొమ్మ అంతకంటే పెద్దది. సరిగ్గా గ్రహం ఆరు రోజుల దూరంలో ఉందనగా ఫోటోల్లో నల్లవి తెల్లవి చారలు మొదలయ్యాయి. వెతికితే మెమరీలో ఒక్క బిట్టు చెడిపోయింది. ఆ ఒక్కదాన్ని తప్పించుకునేలా ప్రోగ్రాం రాసి పైకి పంపారు. మా ప్లాటర్ హెడ్‌లో ఒక నాజిల్ మూసుకుపోతే మెకానిక్ విజయవాడ నుంచి రావడానికి మూడు రోజులు.

ఇంకో సంగతి విని నేను రెండు రోజులు నిద్రపోలేదు. 1986లో తీసిన ఈ యురేనస్ ఫోటోల్లోనే పదమూడేళ్ల తర్వాత, 1999లో, ఎరిక్ కార్కోష్కా అనే ఆయన ఒక కొత్త చందమామని కనిపెట్టారు. పెర్డిటా అని పేరు. అందరూ చూసేసిన ఫోటోల్లో ఎవరూ చూడని చుక్క. నేనూ ఒక వారం వెతికాను. దొరికిన చుక్కలన్నీ గొట్టం మీద మచ్చలే.

2023 అక్టోబరులో నెప్ట్యూన్‌కి వచ్చాను. దీని కోసమేగా మొదలెట్టింది. అక్కడ సూర్యకాంతి మన దగ్గర ఉన్నదాంట్లో తొమ్మిది వందో వంతు. ఎక్స్‌పోజర్లు సెకన్ల కొద్దీ ఉంటాయి, ఆ సెకన్లలో నౌక కిలోమీటర్లకి కిలోమీటర్లు వెళ్లిపోతుంది, ఫోటో షేక్ అవ్వాలి మరి. అవలేదు. కెమెరా చాలక నౌక మొత్తాన్నే ఫోటో తీస్తున్నంతసేపూ మెల్లగా తిప్పారు. బైక్ రేసు ఫోటో తీసేటప్పుడు కెమెరాని బండితోపాటు తిప్పుతామే, అదే పద్ధతి, కాకపోతే ఇక్కడ సిగ్నల్ చేరడానికే నాలుగు గంటలు పైన కాబట్టి అంతా ముందే రాసి పంపాలి. ఉత్తర ధ్రువం మీద మబ్బులకి దాదాపు 5,000 కిలోమీటర్ల ఎత్తులోంచి దూసుకెళ్లి, ఇంకో ఐదు గంటల్లో ట్రైటాన్ అనే చందమామని దాటింది. మైనస్ 235 డిగ్రీల చలి ఉన్న ఆ చోట నేలలోంచి ఎనిమిది కిలోమీటర్ల ఎత్తుకి నైట్రోజన్ చిమ్మడం ఫోటోల్లో ఉంది.

సరే, నెప్ట్యూన్. ఈసారి పద్ధతిగా, వెలుతురు సరిచేసిన ఫైళ్లే తీసుకుని, మూడు ఫిల్టర్లకీ ఒకే స్కేలు పెట్టి, చేత్తో ఏ స్లయిడరూ ముట్టకుండా కలిపాను. ఏం వచ్చిందో తెలుసా? లేత నీలం. కొంచెం ఆకుపచ్చ కలిసి, ఉతికి ఉతికి వెలిసిన స్కూల్ యూనిఫాం చొక్కాలాగా. యురేనస్ పక్కన పెడితే కవల పిల్లలు. నాకు మతి పోయింది. ఫిల్టర్లు తారుమారయ్యాయా అని చూశాను, లేబుళ్లు సరిగానే ఉన్నాయి. ప్రోగ్రాం చూశాం, సరిగానే ఉంది. రెడ్ ఫిల్టర్ లేదు కాబట్టి, ఆ గొట్టానికి ఎరుపు దాదాపు కనబడదు కాబట్టి, నేను రెడ్ చోట ఆరెంజ్ వాడాను, దానివల్లేమో అనుకున్నాను. కానీ అలా అయితే యురేనస్ కూడా తప్పు రావాలిగా, అది సరిగ్గానే వచ్చిందే. మానిటర్ కూడా మార్చి చూశాను. ఐదారు వారాలు ఇదే. కస్టమర్ల ఆల్బమ్‌లు రెండు లేటయ్యాయి, మాటలు పడ్డాను.

చివరికి విసుగొచ్చి, మబ్బులైనా కనబడతాయని కర్వ్స్ తీసుకుని కాంట్రాస్ట్ ఒక్క లాగు లాగాను. తెల్లటి మబ్బులు తేలాయి, పెద్ద నల్లమచ్చ తేలింది, గ్రహం మొత్తం గభాలున ముదురు నీలమైపోయింది. అదే నీలం. నా ఫ్లెక్సీ మీద నీలం.

అప్పుడు అర్థమైంది. నెప్ట్యూన్ గాలిలో మీథేన్ ఎరుపు వైపు కాంతిని మింగేస్తుంది, కాబట్టి ఆరెంజ్ ఫోటో మిగతావాటికంటే ముందే కొంచెం చీకటి. కాంట్రాస్ట్ పెంచితే చీకటి ఇంకా చీకటవుతుంది, రెడ్ చానల్ పడిపోతుంది, మిగిలేది నీలం. పెళ్లి ఫోటోల్లో ముఖానికి తెలుపు తేవడానికి లైటింగ్ లాగితే పట్టుచీర రంగు మారిపోయి, "మా చీర ఇది కాదండీ" అని ఆల్బమ్ వెనక్కి తెచ్చినవాళ్లు నాకు కనీసం పదిమంది ఉన్నారు. ఇది అచ్చం అదే కేసు. తర్వాత ఆ ప్రసిద్ధమైన నిండు గోళం ఫోటో వివరం చదివితే ఇంకో విషయం, అది చివరిసారి గోళం మొత్తం పట్టిన గ్రీన్, ఆరెంజ్ ఫోటోలతో తయారైందట, గ్రహం ఇంకా 70 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పటివి. బ్లూ ఫిల్టరే లేదు అందులో!

నా లెక్క కరెక్టో కాదో చెప్పేవాళ్లు లేక మాస్టారి దగ్గరికి రెండు ప్రింట్లు పట్టుకెళ్లాను. ఆయన లేతదాన్ని చూసి, "ఇంకు అయిపోవస్తున్నట్టుందండీ" అన్నారు. చెప్పుకొచ్చాను. "పాఠ్యపుస్తకంలో నీలమేనండీ మరి" అన్నారు మర్యాదగా. ఇంకేం మాట్లాడతాను.

2024 జనవరి మొదటి వారంలో పేపర్లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పాట్రిక్ ఇర్విన్ బృందం హబుల్ టెలిస్కోపు, చిలీలోని పెద్ద టెలిస్కోపు కొలతలతో వాయేజర్ ఫోటోల రంగుల్ని మళ్లీ సరిచూసి, నెప్ట్యూన్ కూడా యురేనస్ లాగే లేత ఆకుపచ్చ నీలమే, ఒక పిసరు నీలం ఎక్కువ, అంతే అని తేల్చారు. ఆ పిసరు కూడా నెప్ట్యూన్ మీద పొగమంచు పొర పల్చగా ఉండబట్టి. 1989లో మబ్బులు కనబడాలని కాంట్రాస్ట్ పెంచారు, రంగు పెంచామని అప్పట్లో ఫోటోల కింద రాశారు కూడా, తర్వాత ఫోటో ఊరంతా తిరిగింది గాని కింద రాసిన ముక్క తిరగలేదు. షాపులోంచి లేచి రోడ్డు మీదకొచ్చి ఒక్కణ్ణే నిలబడి నవ్వుకున్నాను. టీకొట్టు అతను ఏంటి సార్ లాటరీయా అన్నాడు.

ఆ నాసా వాళ్లని తప్పు పట్టను. స్లయిడర్ లాగకపోతే ఆ నల్లమచ్చ కనబడేది కాదు, అయో మీద పొగ కనబడేది కాదు. నాకు కోపం వచ్చింది నా మీదే, ఎవరో ఒకసారి పెంచిన రంగు మీద మళ్లీ నేను పెంచాను.

మధ్యలో ఇంకొకటి చెప్పడం మర్చిపోయాను. వాయేజర్ల మీద బంగారు పూత పూసిన గ్రామఫోన్ రికార్డు ఉంది కదా, దాంట్లో 55 భాషల్లో పలకరింపులున్నాయి, అందులో మన తెలుగు ఉంది. నమస్తే చెప్పి, తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు చెబుతుంది ఆ గొంతు, నాలుగైదు సెకన్లు. కంప్యూటర్లో పెట్టి మా ఆవిడకి వినిపించాను. "పాత రేడియో వార్తల్లా ఉంది" అంది. రెండోసారి పెట్టమంది, మూడోసారి వాళ్లమ్మకి ఫోన్లో వినిపించింది. ఆ రికార్డు నెప్ట్యూన్ దాటి, 2018 నవంబరులో సూర్యుడి గాలి ఆగిపోయే హద్దు కూడా దాటి పోతూనే ఉంది. కెమెరాలు మాత్రం ఎప్పుడో ఆపేశారు, అక్కడ తీయడానికి ఏమీ లేదు.

మొన్న వేసవిలో మా అమ్మాయి టీసీ కోసం స్కూలుకి వెళ్లాను. మా ఫ్లెక్సీ ఇంకా కాంపౌండ్ గోడకే ఉంది, పడమర ఎండ నేరుగా కొట్టే చోట, ఐలెట్లు తుప్పుపట్టి ఒక మూల ఊడి వేలాడుతోంది. ఫ్లెక్సీ ఇంకుల్లో ఎండకి ముందు పోయేవి ఎల్లో, మజెంటా, సయాన్ చివరిదాకా నిలబడుతుంది. అంగారకుడు పూర్తిగా పాలిపోయాడు. గురుడి మీద ఎర్రమచ్చ ఎక్కడుందో వెతుక్కోవాలి. నెప్ట్యూన్‌లో నేను దట్టించిన మజెంటా అంతా ఎగిరిపోయి లేత నీలం మిగిలింది, కొంచెం ఆకుపచ్చ కలిసి. ఫోన్ తీసి ఫోటో తీసుకుని, షాపుకొచ్చి నా ఫైలు పక్కన పెట్టి చూశాను. దాదాపు కలిసిపోయాయి.

మాస్టారు గేటు దాకా వచ్చి, "బాగా వెలిసిపోయిందండీ, ఈసారి కొత్తది వేసిద్దురు" అన్నారు. పాత డబ్బుల సంగతి అడుగుదామనుకుని ఊరుకున్నాను.